ఠప్‌మన్నది తుపాకీ కాదు

నాంపల్లి నుమాయిష్‌లో బెలూన్ల దుకాణం ముందు నిలబడ్డ ప్రతి పిల్లాడూ ఆ ఠప్ అనే చప్పుడు తుపాకీదే అనుకుంటాడు. నేనూ అనుకున్నాను. నాకు పదేళ్ళప్పుడు నాన్న ఐదు గుండ్లకి డబ్బులిచ్చాడు. మొదటి మూడూ తప్పాయి, మూడుసార్లూ వెనకాల చెక్కకి తగిలి టుక్ మన్నాయి, అంతే. నాలుగోది తగిలింది. ఠప్! జనం తిరిగి చూశారు, నేను కాలరెగరేశాను. పేలింది బెలూనని, తుపాకీ అసలు నోరే విప్పలేదని తెలియడానికి ఆ తర్వాత ముప్పై ఏళ్ళు పట్టింది. అదీ హన్మకొండలో మా ఇంటి పెరట్లో, పక్కింటి అక్క గోడ మీంచి తొంగి చూసి "ఏం తమ్మీ, పొద్దుగాల నుంచి గోడకు మేకులు కొడుతున్నవ్, ఇంకా ఒడువలేదా?" అని అడిగాక.

"అల్మారా బిగిస్తున్నా అక్కా" అని అబద్ధం చెప్పాను. చేతిలో ఎయిర్ రైఫిల్‌ని జామచెట్టు వెనక్కి జరిపేశాను.

అప్పటికి దాన్ని కొని పదిహేను రోజులు. దుకాణంలో ధర కంటే ముందు నేనడిగింది చప్పుడెంత వస్తుందని. "అస్సలు రాదు సార్, పక్క గదిలో పడుకున్నోళ్ళు కూడా లేవరు" అన్నాడతను. ఇంటి దగ్గర గురి నేర్చుకుందామనుకునే ప్రతివాడూ అడిగేది ఇదే, ప్రతి దుకాణదారూ చెప్పేది ఇదే. ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ఇంత రాయాల్సి వస్తోంది, పూర్తి అబద్ధమైతే ఒక్క ముక్కలో తేలిపోయేది.

మొదటి గుండు పేల్చిన రోజు నాకు గుండె ఆగినంత పనైంది. నాది స్ప్రింగు రైఫిలు, బ్యారెల్‌ని వంచి బిగించే రకం. చెంప తుపాకీ వెనక చెక్క‌కి ఆనించి ట్రిగ్గర్ నొక్కగానే ఠంగ్ అని ఇనప మంచం కూలినట్టు పుర్రెలో మోగింది. వీధి వీధంతా విన్నదనుకుని లోపలికి పరుగెత్తి, పావుగంట సేపు కిటికీ పరదా పక్కన నిలబడి చూశాను. కూరగాయల బండివాడు తప్ప ఎవరూ రాలేదు, అతనూ బెండకాయల సంగతే అరుస్తున్నాడు.

అసలు సంగతి ఏమిటంటే, ఈ రకం రైఫిల్లో గట్టి స్ప్రింగు ఒకటి బిగుసుకుని ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే అది పిస్టన్‌ని ముందుకు తోస్తుంది, పిస్టన్ గాలిని నొక్కుతుంది, ఆ గాలి పెల్లెట్ అనే చిన్న గుండు‌ని గెంటుతుంది. స్ప్రింగు విదిలించుకోవడం, పిస్టన్ వెళ్ళి కొసకు కొట్టుకోవడం, ఈ మోతంతా ఇనుములోంచి చెక్కలోకి, చెక్కలోంచి మన దవడ ఎముకలోకి, అక్కణ్నుంచి నేరుగా చెవిలోకి వస్తుంది. అప్పడం నమిలేటప్పుడు మన చెవుల్లో అంత కరకర మోగినా పక్కన కూర్చున్నవాడికి అందులో పావు వంతు కూడా వినపడదు కదా, ఇదీ అలాంటిదే. కాల్చేవాడి చెవి ఈ విషయంలో పనికిరాని సాక్షి. నేను పదిహేను రోజులు భయపడింది ఎవరికీ వినపడని చప్పుడికి, పట్టించుకోనిదేమో సందు చివరిదాకా వినపడే చప్పుడు.

(ఈ దవడ మోత వల్ల ఇంకో నష్టం ఉంది. అది వస్తుందని ముందే తెలిసి ఒళ్ళు బిగుసుకుంటుంది, కన్ను మూసుకుపోతుంది, గురి చెడుతుంది. మన హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022 మేలో బ్రెజిల్‌లో జరిగిన వినికిడి లేనివాళ్ళ ఒలింపిక్స్, డెఫ్లింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్లో బంగారు పతకం కొట్టాడు. ఆ పోటీల్లో చెవి మిషన్లు పెట్టుకోనివ్వరు. పోటీ రైఫిళ్ళకి నా దానిలాంటి అదురు ఉండదు, అది వేరే సంగతి. కానీ నేను చప్పుడు గురించి పెట్టిన ధ్యాసలో సగం ట్రిగ్గర్ మీద పెట్టి ఉంటే ఈపాటికి కాస్త బాగా కొట్టేవాణ్నేమో అని ఆ వార్త గుర్తొచ్చినప్పుడల్లా అనిపిస్తుంది.)

మరి సందు చివరిదాకా వినపడ్డదేమిటి? నేను గురిపెట్టిన నూనె డబ్బా. ఖాళీ తగరపు డబ్బా ముందు కాగితం అతికించి, వెనకాల షాబాద్ బండ నిలబెట్టి, అబ్బో ఎంత జాగ్రత్తపరుణ్నో అని నాకు నేనే మెచ్చుకున్నాను. ఒకో గుండు తగిలినప్పుడల్లా ఆ డబ్బా గుడి గంటలా మోగుతోంది. అక్కకు మేకుల్లా వినిపించింది అదే. నుమాయిష్‌లో బెలూను, మా ఇంట్లో డబ్బా. పెరట్లో చప్పుడు గురించి మాట్లాడేవాళ్ళు రైఫిలు మూతి గురించే గంటలు గంటలు మాట్లాడతారు, గుండు వెళ్ళి పడే చోటు గురించి ఒక్కడూ మాట్లాడడు.

దీన్ని తేల్చుకోవాలని ఒక ఆదివారం స్నేహితుణ్ని పిలిచి వెనక సందులో, మా ప్రహరీకి అవతల పక్కకు నిలబెట్టాను, గుండు వెళ్ళే దిక్కు కాదులెండి, నా వీపు వైపు. ఎప్పుడు పేలుస్తానో చెప్పను, వినపడినప్పుడల్లా ఫోన్లో గీత గీసుకోమన్నాను. డబ్బా మీదకి ఐదు పేల్చాను. తర్వాత డబ్బా తీసేసి, గోనెసంచిలో పాత చీరలు, చిరిగిన దుప్పట్లు కూరి వెనకాల ఇసుక బస్తా పెట్టి, దాని మీదకి ఐదు. డబ్బావి ఐదుకు ఐదూ విన్నాడు. సంచివి రెండే విన్నానన్నాడు, అడిగితే అందులో ఒకటి పావురం రెక్కల చప్పుడేమో అని నసిగాడు. మా పెరడు, ఆ రోజు గాలి, వాడి చెవులు, ఇంత చిన్న పరీక్ష ఇది, దీన్ని శాస్త్రమని నేననను. కానీ రైఫిలు అదే, పెల్లెట్లు అవే, మారింది ఒక డబ్బా, ఒక సంచి.

ఫోన్లో డెసిబెల్ యాప్ ఉంది కదా అంటారు. నేనూ వేసుకుని చూశాను, దండగ. గుండు చప్పుడు కొన్ని మిల్లీసెకన్లలో అయిపోతుంది. ఫోన్ మైకు మాటలు పట్టుకోవడానికి చేసింది, అంత చురుకైన దెబ్బ పడితే అది చూపించే అంకెకి అర్థం ఉండదు. మామూలు సౌండ్ మీటర్లు కూడా వేగంగా కొలిచే పద్ధతిలో పెట్టినా 125 మిల్లీసెకన్ల మీద సగటు తీస్తాయి, అంటే ఆ చిన్న దెబ్బని సాగదీసి పలచబరిచి చూపిస్తాయి. అందుకే ఎవరైనా 'మా రైఫిలు ఇన్ని డెసిబెల్సే' అంటే, ఎంత దూరంలో, ఏ మీటరుతో అని అడగండి. దూరం చెప్పని అంకె ఎందుకూ పనికిరాదు, ఆరుబయట దూరం రెండింతలైన ప్రతిసారీ చప్పుడు దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, మీటరు దూరంలో కొలిచినదానికీ పది మీటర్ల దూరంలో వినేదానికీ 20 డెసిబెల్స్ తేడా. అయితే మన ఇళ్ళు ఆరుబయలు కాదు. రెండిళ్ళ గోడల మధ్య నాలుగడుగుల సందులో పేలిస్తే చప్పుడు అటూ ఇటూ కొట్టుకుని మరింత మోగుతుంది. తీగ మీద తడి బొంత ఆరేసిన రోజు మా పెరట్లో ఆ మోత తగ్గడం నేనే గమనించాను.

చట్టం ప్రకారం మన దేశంలో ఇళ్ళున్న ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు, పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనలు అవి. ఆ లెక్క కొంతసేపటి సగటు మీద కట్టేది, ఒక్క టుక్ మన్న చప్పుడుకి దాన్ని పట్టుకుని వాదించుకోవడం వృథా. మా వీధిలో పెళ్ళి బరాత్ వస్తే డీజే బాక్సులకి కిటికీ అద్దాలు అదురుతాయి, అప్పుడు ఎవరికీ గుర్తుకురాని నిబంధన నా గోనెసంచి దగ్గర గుర్తుకొస్తుందా?

ఇక రకాల సంగతి. స్ప్రింగుదానికంటే పీసీపీ (ప్రీ-ఛార్జ్‌డ్ న్యూమాటిక్) అనే రకం మెత్తగా ఉంటుందని చాలామంది నమ్మకం. వినేవాణ్ని బట్టి ఉంటుంది. పీసీపీలో సిలిండర్లో గాలి ముందే నింపి ఉంటుంది, 200 బార్ల ఒత్తిడి దాకా కూడా. స్ప్రింగు లేదు కాబట్టి కాల్చేవాడి దవడ హాయిగా ఉంటుంది, 'ఆహా ఎంత సైలెంటు' అంటాడు. కానీ పెల్లెట్ వెనక మిగిలిన గాలి మూతిలోంచి ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది, ఆ ఛట్ మనే చప్పుడు స్ప్రింగు రైఫిల్‌కి వచ్చేదానికంటే చాలా ఎక్కువ, అది సరిగ్గా పక్కింటికి వినపడే చప్పుడు. స్ప్రింగు రైఫిల్లో మోత మనకి, పీసీపీలో మోత ఊరికి. ఇది కొత్త విద్యేం కాదు, 1780 ప్రాంతంలోనే ఆస్ట్రియా సైన్యం ఇలా గాలి నింపి కాల్చే రైఫిళ్ళు వాడింది, ఇరవై దాకా గుండ్లు వరసగా, పొగ లేకుండా. అలాంటిదొకటి 1804లో బయల్దేరిన లూయిస్, క్లార్క్ అన్వేషణ బృందంతో పాటు అమెరికా పడమటి తీరం దాకా వెళ్ళింది.

పీసీపీ మూతికి గొట్టం బిగిస్తే చప్పుడు పోతుందట కదా అని అడిగేవాళ్ళుంటారు. మన 1959 ఆయుధాల చట్టంలో తుపాకీ (ఫైర్ ఆర్మ్స్) అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చదవండి, మందుతోనే కాదు వేరే రకం శక్తితో గుండు విసిరేవీ అందులోకి వస్తాయి, చప్పుడు తగ్గించడానికి తయారైన తగిలింపులూ వస్తాయి. ఆ జోలికి పోకండి, అంతే.

లైసెన్సు లేకుండా మనం కొనుక్కోగలిగేది 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం బోరు (గొట్టం లోపలి వెడల్పు) 0.177 అంగుళాల లోపు, మూతి దగ్గర గుండు శక్తి 20 జౌళ్ళ లోపు ఉన్నదే. ఈ 20 జౌళ్ళ హద్దు వల్ల మనకి తెలియకుండానే చప్పుడు విషయంలో ఒక మేలు జరుగుతోంది. అర గ్రాము సీసపు పెల్లెట్‌కి 20 జౌళ్ళంటే సెకనుకు 283 మీటర్ల వేగం. గాలిలో ధ్వని వేగం 340 పైనే, మా వరంగల్ మే నెల ఎండలో 44 డిగ్రీలకి 358 దాకా పోతుంది. పెల్లెట్ ధ్వనిని దాటితేనే కొరడా ఝళిపించినట్టు చిటపట వినిపిస్తుంది, దాన్ని ఏ సంచీ ఏ బొంతా ఆపలేవు, దారి పొడుగునా వస్తుంది. మామూలు సీసపు పెల్లెట్‌తో ఆ ప్రమాదం లేదు. కానీ డబ్బా మీద పెద్ద పెద్ద వేగాలు అచ్చేసి అమ్మే తేలికపాటి మిశ్రమలోహం పెల్లెట్లున్నాయి చూశారా, 0.35 గ్రాములదైతే అవే 20 జౌళ్ళకి 338 మీటర్లు, అంటే ధ్వని గుమ్మం దగ్గరే. వేగం మోజులో పడి చప్పుడు కొనుక్కోవడం అది. 10 మీటర్ల పోటీల్లో వాడే రైఫిళ్ళు సెకనుకు 170 మీటర్ల పైచిలుకుతోనే పంపుతాయి, ఎనిమిది జౌళ్ళకు కాస్త అటూ ఇటూ. అభినవ్ బింద్రా 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో మన దేశానికి మొదటి వ్యక్తిగత బంగారం తెచ్చిందీ, గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చిందీ అంతపాటి మెత్తటి గుండ్లతోనే. పది మీటర్ల పెరట్లో అంతకంటే బలం ఎందుకో నాకు ఎవరైనా చెప్పాలి.

కోతుల కోసం అంటారు. తెలంగాణ పల్లెల్లో కోతుల బెడద ఎలాంటిదో నాకు తెలుసు, మా మేనత్త ఊళ్ళో పెంకులు ఒక్క వర్షాకాలం నిలవవు, మక్కచేను కంకి పట్టిందో లేదో మంద దిగుతుంది. ఎయిర్ గన్ కొనేవాళ్ళలో చాలామంది చెప్పే కారణం అదే. వాళ్ళకి కావాల్సింది చప్పుడు, ఈ రైఫిల్లో లేనిదే అది. టుక్ మంటే కోతి తల తిప్పి కూడా చూడదు, అప్పుడు దాన్ని కొడతారు, పెల్లెట్ ఒంట్లో పెట్టుకుని అది వారం రోజులు చస్తుంది. మా మేనత్త కొడుకు పోయినేడు కొంటానంటే టపాకాయలు కొనిచ్చి పంపించాను. పిట్టల మీద కాల్చే సరదా ఉన్నవాళ్ళతో నాకు మాటల్లేవు. మన చుట్టూ తిరిగే పిట్టల్లో చాలా వాటికి 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, అది లేకపోయినా మాటల్లేవు.

కొత్త రైఫిలు కొన్నవాళ్ళకి ఒక హెచ్చరిక. మొదటి కొన్ని డజన్ల గుండ్ల దాకా స్ప్రింగు రైఫిలు నిజంగానే పేలుతుంది. లోపల మిగిలిపోయిన నూనె, గాలి నొక్కుకుపోయిన వేడికి భగ్గుమంటుంది, డీజిల్ ఇంజనులో జరిగేదే. కాలిన వాసన, మూతిలో సన్నటి పొగ, ఠాప్ అని గట్టి చప్పుడు. 'మెత్తగా పనిచేయాలి' అని నేను తెలివి చూపించి కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు వేశాను. ఆ సాయంత్రం వీధికుక్కలన్నీ ఒకేసారి మొరిగాయి. స్ప్రింగూ సీలూ పాడవుతాయి, పెల్లెట్ అనుకున్నదానికంటే జోరుగా పోతుంది, కాబట్టి పిస్టన్ ముందు గాలి నొక్కుకునే చోట నూనె వెయ్యొద్దు.

ఇక్కడిదాకా చప్పుడు ఎలా తగ్గించాలన్నదే రాశాను. సంచి పెట్టాను, పెల్లెట్ మార్చాను, నూనె మానేశాను, నెల తిరిగేసరికి మా పెరడు నిజంగానే నిశ్శబ్దమైపోయింది, అక్క మేకుల మాట ఎత్తడం మానేసింది. నేను గెలిచాననుకున్నాను.

అలాంటి ఒక సాయంత్రం వెనక సందులో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. బంతి మా పెరట్లో పడింది. వెనక గేటుకి గొళ్ళెం లేదు. ఎనిమిదేళ్ళ పిల్లాడు, అక్క మనవడే, గేటు తోసుకుని నేరుగా వచ్చేశాడు, నాకూ సంచికీ మధ్యకి. నేను అప్పటికే చెంప ఆనించి ఉన్నాను. వేలు ట్రిగ్గర్ గార్డు బయటే ఉంది, దేవుడి దయో అలవాటో తెలియదు. వాడు బంతి తీసుకుని "అంకుల్, అదేంది?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పరుగెత్తాడు. నేను అక్కడే తులసికోట పక్కన కూలబడ్డాను. చాలాసేపు చేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచించాను. దీపావళికి లక్ష్మీబాంబు పెట్టినప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు, వాడే పది అడుగులు వెనక్కి జరుగుతాడు. నా పెరట్లో చప్పుడు వచ్చి ఉంటే వాడు గేటు దగ్గరే ఆగేవాడు. నేను నెల రోజులు కష్టపడి ఆ హెచ్చరికనే తీసేశాను. చప్పుడు లేదు కాబట్టి ప్రమాదం లేదన్న భ్రమ కాల్చేవాడిలోనూ వస్తుంది, 'ఇదేం అసలు తుపాకీనా' అంటూ ఒంటిచేత్తో ఊపుతూ తిరిగేవాళ్ళని చూశాను. సీసపు ముక్క సెకనుకు రెండు వందల మీటర్ల పైన పోతోంది. గురి తప్పి గోడ దాటితే వందల మీటర్లు పోతుంది, కంట్లో పడితే కన్ను పోతుంది. ఇలాంటి తుపాకులతో పిల్లల ప్రాణాలు పోయాయి కూడా.

ఇంగ్లండ్‌లో ఉంటున్న మా బావమరిదికి ఫోన్లో ఇదంతా చెబితే, అక్కడ పెల్లెట్ మన జాగా దాటి వెళ్ళిందంటే చాలు, ఎవరికీ తగలకపోయినా నేరమేనన్నాడు, అవతలి జాగావాళ్ళు ఒప్పుకుని ఉంటే తప్ప. అక్కడ 12 ఫుట్ పౌండ్ల దాకా, అంటే పదహారు జౌళ్ళ చిల్లర దాకా, లైసెన్సు అడగరు కానీ ఈ ఒక్క గీత దగ్గర గట్టిగా ఉంటారు. స్కాట్లండ్‌లో 2016 చివరి నుంచి దానికీ సర్టిఫికెట్ కావాలి. మన దగ్గర లైసెన్సు అక్కర్లేదన్న ఒక్క మాట పట్టుకుని అడిగేవాడు లేడనుకుంటాం, ఎదుటివాడి ప్రాణం మీదకి తెచ్చే నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహితలో 125వ సెక్షను ఉంది, దానికి ఏ తుపాకీ అన్న పట్టింపు లేదు.

కాబట్టి 'ఎయిర్ రైఫిలు చప్పుడు వస్తుందా, పక్కవాళ్ళకి తెలుస్తుందా' అని నన్ను అడిగేవాళ్ళకి నేనిప్పుడు చెప్పేది వాళ్ళకి నచ్చదు. సంచి సరిగ్గా పెడితే తెలియదు, అందుకే నువ్వే వెళ్ళి చెప్పాలి. పక్కింటివాళ్ళకి చెప్పుకోలేని పరిస్థితి ఉంటే, వాళ్ళు వద్దంటారని భయముంటే, ఆ పెరడు అందుకు పనికిరాదు, షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి డబ్బు కట్టి కాల్చుకోవాలి. పక్కవాళ్ళ చెవులకి ఇబ్బంది లేకుండా చూడటం మర్యాద. వాళ్ళకి తెలియకుండా చూడటం దొంగతనం, నేను నెలన్నర చేసింది అదే. 'అయితే ఇరుగుపొరుగు పర్మిషన్ అడగాలా, నా ఇల్లు నా ఇష్టం' అని ఒకతను నాతో గట్టిగానే వాదించాడు. ఇల్లు నీదే, పెల్లెట్ వెళ్ళే దిక్కులో ఉన్న గాలి నీది కాదు.

మర్నాడు పొద్దున్నే అక్క ఇంటికెళ్ళి రైఫిలు చూపించి, అల్మారా అబద్ధం దగ్గర మొదలుపెట్టి మనవడి సంగతి దాకా అంతా చెప్పాను. తిట్టింది, తిట్టాల్సినంత తిట్టింది, మా అమ్మ ఉండి ఉంటే కూడా అంతే తిట్టేది. నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు తనే వచ్చి పెరడంతా తిరిగి చూసి, "గేటుకు తాళం ఎయ్యి, ఎర్రగుడ్డ ఒకటి గోడ మీద కట్టు, కట్టినప్పుడు పిల్లల్ని నేను ఇటు దిక్కు రానియ్య" అంది. రేంజుల్లో ఎర్రజెండా పెడతారని ఆవిడకి తెలియదు, తనకి తోచిందే చెప్పింది. గేటుకి లోపలి నుంచి తాళం పడింది, సంచి వెనక ఇసుక బస్తాలు రెండయ్యాయి, వాటి వెనక ప్రహరీ మా నిలువు కంటే ఎత్తు లేపించాను.

ఇప్పుడు ఆదివారం పొద్దున ఏడింటికి గుడ్డ కడతాను, ఎనిమిదింటికి విప్పుతాను. మొన్న వాన పడుతోందని బద్ధకించి పడుకున్నాను. గోడ అవతల నుంచి కేక వినిపించింది. "ఏం తమ్మీ, గుడ్డ కట్టలేదు, పానం బాగలేదా?"